అమ్మ పేరున నోటు, తిరిగొచ్చిన చెక్కు, స్టేషన్ నుంచి ఫోను: ముందు ఏ పని చేయాలి?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి విషయం ముందు చిన్నగా చెప్తాను. మీది దేవరకొండ దగ్గర ఊరు. 2023 జూన్ 12న మీ అమ్మ పత్తి అమ్మిన డబ్బులో కొంత, సంఘంలో పొదుపు చేసుకున్నది కొంత కలిపి, తనకు తమ్ముడి వరస అయ్యే ఆయనకు 2 లక్షలు అప్పు ఇచ్చింది. నూటికి రెండు రూపాయల మిత్తి, ప్రామిసరీ నోటు అమ్మ పేరున రాయించారు. 2024 దసరాకు ఆయన ఫోన్‌పేలో 40 వేలు పంపాడు, తర్వాత పైసా లేదు. పెద్దమనుషుల ముందు మూడుసార్లు కూర్చున్నారు. చివరికి 2026 ఫిబ్రవరి 2 తేదీ వేసి లక్షన్నరకు చెక్కు ఇచ్చాడు, "మిగతాది వానాకాలం పంటకు చూద్దాం అక్కా" అన్నాడు. ఆ చెక్కు ఖాతాలో డబ్బు లేదని తిరిగొచ్చింది, బ్యాంకు మెమో ఫిబ్రవరి 20న మీ చేతికొచ్చింది. ఇప్పుడు ఆయనే ఎదురు తిరిగి "మిత్తి కోసం వేధిస్తున్నారు" అని స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చాడు, అక్కడి నుంచి మీ అమ్మను, నాయనను రమ్మని ఫోను వచ్చింది. కొండమల్లేపల్లిలో ఉన్న ప్లాటు కూడా అమ్మేస్తున్నాడని విన్నారు. మీరు అడిగిన ప్రశ్న: స్టేషన్‌కు పోవాలా, ఉగాది దాటాక పెద్దమనుషులను ఇంకోసారి కూర్చోబెట్టాలా, కోర్టు ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి.

నేను వకీలును కాదు. నల్లగొండ కోర్టుల్లో 27 ఏళ్లు వకీలు గుమాస్తాగా పని చేశాను, ఇప్పుడు న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా ఊళ్లు తిరుగుతున్నాను. గుమాస్తా పనిలో సగం తేదీలు లెక్కపెట్టడమే. అందుకే మీ ప్రశ్నలో నాకు మొదట కనపడ్డది స్టేషన్ ఫోను కాదు, రెండు తేదీలు. చెక్కు నోటీసుకు మార్చి 22, నోటు మీద దావాకు జూన్ 12. మీకు స్టేషన్ గురించి టెన్షన్ ఉంది, అది అర్థమైతుంది, దాని గురించి కూడా చెప్తాను. కానీ స్టేషన్ సంగతి నాలుగు రోజులు ఆగినా ఆగుతుంది, ఆ రెండు తేదీలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు. పెద్దమనుషుల మాటలు నడుస్తున్నాయి కదా అని చట్టం గడువును ఆపదు.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. చాలా ఏళ్ల కింద మునుగోడు వైపు నుంచి ఒక పెద్దావిడ మా ఆఫీసుకు నోటు పట్టుకుని వచ్చింది. కొడుకు పోయాక వచ్చిన డబ్బులో నుంచి అప్పు ఇచ్చింది. నోటు బాగుంది, సంతకం బాగుంది, సాక్షులు ఉన్నారు. తేదీ చూస్తే మూడేళ్లు దాటి తొమ్మిది రోజులు. ఆ మూడేళ్లలో ఆమె పెద్దమనుషుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు, ప్రతిసారీ "సంక్రాంతి పోనీ, బతుకమ్మ పోనీ" అన్నారట. మా వకీలు గారు ఆమెకు ఆ సంగతి చెప్పలేక నన్ను చెప్పమన్నారు. ఆ రోజు నుంచి నా దగ్గరికి ఎవరు కాగితం తెచ్చినా మొదట తేదీ చూస్తాను, ఆ తర్వాతే కూర్చోమంటాను.

ఇక చెక్కు సంగతి. మీకు అందరికంటే దగ్గరగా ఉన్న గడువు ఇదే. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజుల లోపల, డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ అంటారే, అందులోది ఈ షరతు. మీకు మెమో వచ్చింది ఫిబ్రవరి 20న, మర్నాటి నుంచి లెక్కపెడితే 30వ రోజు మార్చి 22. అది ఆదివారం. దానికి ముందు 19న ఉగాది, ఆ వెంటనే రంజాన్ సెలవు. కాబట్టి మార్చి 22 అని మనసులో పెట్టుకోకండి, ఈ వారంలోనే పంపండి. ఫిర్యాదు వేయడం ఆలస్యమైతే తగిన కారణం చూపించి కోర్టును మన్నించమని అడగొచ్చు కానీ నోటీసు ఆలస్యమైతే ఆ అవకాశం లేదు.

నోటీసు వకీలే రాయాలని లేదు, అమ్మ సంతకంతో తెలుగులో రాసినా చెల్లుతుంది. కానీ ఈ పనికి వకీలు చేత రాయించడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నోటీసులో ఒక్క తప్పు పడితే కేసు మొత్తం పోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఏంటంటే, కోపంలో అసలు, మిత్తి, ఖర్చులు అన్నీ కలిపి ఒకే మొత్తం చేసి "ఇది కట్టు" అని రాస్తారు. అట్లా రాయకూడదు. చెక్కు మీద ఎంత ఉందో అంతే అడగాలి, మీ విషయంలో 1,50,000. రూపాయి ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. సుప్రీంకోర్టు ఈ విషయంలో చాలా గట్టిగా ఉంది, చెక్కు మొత్తం ఒకటి, నోటీసులో అడిగిన మొత్తం ఇంకొకటి ఉన్న కేసులను కొట్టేసింది. మిగతా బాకీ సంగతి ఆ నోటీసులో కలపకుండా వేరేగా చూసుకోవాలి. చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు పేరు, ఏ అప్పు కింద ఇచ్చాడు, ఎప్పుడు ఏ కారణంతో తిరిగొచ్చింది, అందిన 15 రోజుల్లో కట్టాలి అన్న మాట, ఇవి ఉంటే చాలు. తిట్లు, బెదిరింపులు, "నీ సంగతి చూస్తాం" లాంటివి ఒక్కటి కూడా ఉండొద్దు, రేపు ఆ కాగితమే ఆయన స్టేషన్‌లో చూపిస్తాడు.

నోటీసును చిరునామా సరిగ్గా రాసి స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో. పోస్టాఫీసు రసీదు, ఆన్‌లైన్‌లో డెలివరీ అయినట్టు చూపించే పేజీ ప్రింటు, నోటీసు నకలు, మూడూ ఒకే కవర్లో పెట్టుకోండి. ఆయన ఊళ్లో ఒక ఇల్లు, దేవరకొండలో ఒక ఇల్లు అని రాశారు కదా, రెండు చిరునామాలకూ పంపండి. చాలామంది భయపడేది, తీసుకోకుండా తిప్పి పంపిస్తే ఎట్లా అని. సరైన చిరునామాకు పంపినదాన్ని కావాలని తీసుకోకపోతే అందినట్టే లెక్క. తిరిగొచ్చిన ఆ కవరును మాత్రం చించకండి, పోస్ట్‌మ్యాన్ రాసిన మాటతో సహా అట్లాగే మూసి ఉన్నదాన్ని కోర్టులో పెట్టాలి.

నోటీసు ఆయనకు మార్చి 10న అందిందనుకుందాం. అక్కడి నుంచి 15 రోజులు ఆయనకు టైము, అంటే మార్చి 25 దాకా. ఆ లోపల కట్టేస్తే కేసే లేదు. కట్టకపోతే 26 నుంచి మీకు ఒక నెల, ఏప్రిల్ 25 లోపల మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు పడాలి. ఇక్కడ ఉల్టా తప్పు కూడా జరుగుతుంది, తొందరపడి 15 రోజులు నిండకముందే వేసేస్తారు. అట్లా వేసిన ఫిర్యాదు చెల్లదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. అమ్మ చెక్కు వేసిన ఖాతా దేవరకొండ బ్రాంచిలో ఉంది కాబట్టి కేసు దేవరకొండ కోర్టులోనే వేయొచ్చు, చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఎక్కడుందో అక్కడికి పోయే పని 2015 సవరణతో పోయింది.

కోర్టులో అమ్మకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది. చెక్కు మీద సంతకం ఆయనదే అయితే, బాకీ తీర్చడానికే ఇచ్చాడని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సిన బరువు ఆయన మీద ఉంటుంది. "ఖాళీ చెక్కు ఇస్తే వాళ్లే రాసుకున్నారు" అని అందరూ అంటారు, సంతకం ఒప్పుకున్నాక ఆ ఒక్క మాటతో బయటపడటం కష్టం. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతరంగా కట్టించమని అడిగే వీలు 2018 నుంచి ఉంది, ఇది వకీలుకు గుర్తు చేయండి. ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలో రాసి ఉంది, కానీ మన కోర్టుల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ సంగతి అమ్మకు ముందే చెప్పండి. అమ్మకు కోర్టు మెట్లు ఎక్కాలంటే భయం అని రాశారు. అప్పు ఇచ్చినప్పుడు, చెక్కు ఇచ్చినప్పుడు మీరు అక్కడే ఉన్నారు కాబట్టి, అమ్మ మీకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే ఆమె తరఫున మీరు నిలబడొచ్చు. ఏ విషయమూ కళ్లారా చూడని మనిషికి పవర్ రాస్తే మాత్రం అతని సాక్ష్యం పనికిరాదు.

ఇది చదువుతున్న ఇంకెవరికైనా నోటీసు 30 రోజులు ఇప్పటికే దాటిపోయి ఉంటే, వెంటనే ఆశ వదలకండి. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు ఇంకా కాకపోతే, మళ్లీ బ్యాంకులో వేయండి. మళ్లీ తిరిగొస్తే ఆ కొత్త మెమో నుంచి 30 రోజులు మళ్లీ మొదలవుతాయి. దీన్ని సుప్రీంకోర్టు 2012లో ఒప్పుకుంది.

ఇప్పుడు నోటు. డిమాండు నోటు, అంటే అడిగినప్పుడు కడతానని రాసిన నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లు. మీది 2026 జూన్ 12తో అయిపోతుంది. చెక్కు కేసు వేశాం కదా, నోటు సంగతి తర్వాత చూద్దాం అనుకుంటే పెద్ద పొరపాటు, అది వేరే, ఇది వేరే. చెక్కు కేసు క్రిమినల్ వైపు, చెక్కు మొత్తానికి మాత్రమే. నోటు మీద దావా సివిల్ వైపు, మొత్తం బాకీకి. రెండూ ఒకేసారి నడవొచ్చు, ఒకదాంట్లో వచ్చిన డబ్బు రెండోదాంట్లో తగ్గిస్తారు.

ఆ 40 వేల సంగతి. మీరు "2024లో డబ్బు కట్టాడు కాబట్టి అక్కడి నుంచి మూడేళ్లు కదా అన్నా" అని రాశారు. ఆ నమ్మకం మీద కూర్చోకండి. గడువు లోపల కొంత కడితే కొత్త గడువు మొదలయ్యేది నిజమే, కానీ కట్టినట్టు కట్టినవాడి చేతిరాత గానీ సంతకం గానీ ఉండాలని లిమిటేషన్ చట్టం అడుగుతుంది. అందుకే మన పెద్దలు నోటు వెనక జమ రాయించి సంతకం పెట్టించేవాళ్లు, అది ఊరికే పెట్టుకున్న ఆచారం కాదు. ఫోన్‌పేలో డబ్బు వచ్చింది, కానీ నోటు వెనక ఆయన సంతకం లేదు. కోర్టులో దాని మీద వాదన చేయొచ్చేమో, కానీ వాదన మీద అమ్మ 2 లక్షలు పెట్టడం నాకు ఇష్టం లేదు. జూన్ 12నే చివరి రోజు అనుకుని పని చేయండి. అసలైతే ఏప్రిల్ లోపలే దావా పడాలి, ఎందుకంటే మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఉంటాయి, వకీళ్లు కూడా దొరకరు.

దావాలో ఆ 40 వేలు దాచకండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఉన్నదాన్ని దాస్తే అమ్మ మాట మీద జడ్జికి నమ్మకం పోతుంది. దాచాల్సిన అవసరం కూడా లేదు. నూటికి రెండు రూపాయలంటే 2 లక్షలకు నెలకు 4 వేలు, నోటు రాసినప్పటి నుంచి ఆ దసరాకు సరిగ్గా 16 నెలలు, 64 వేలు మిత్తి అయ్యింది. మామూలుగా జమను ముందు మిత్తిలో పట్టుకుంటారు, అంటే ఆ 40 వేలు మిత్తికే చాలలేదు, అసలు అట్లాగే ఉంది. ఆయన ఇచ్చిన లక్షన్నర చెక్కు అసలు బాకీ కంటే తక్కువే కాబట్టి "తీరిపోయిన అప్పుకు చెక్కు వాడుకున్నారు" అనే వాదన కూడా నిలబడదు. అయితే మిత్తి మొత్తం ఇదే లెక్కన వస్తుందని అమ్మకు చెప్పకండి. ఎక్కువ అనిపిస్తే కోర్టు తగ్గిస్తుంది, ఇట్లాంటి చేతి అప్పుల్లో డిక్రీ, అంటే కోర్టు తీర్పు వచ్చాక మిత్తి ఏడాదికి 6 శాతం దాటదు.

నోటు మీద రెవెన్యూ స్టాంపు ఉందా, దాని మీదుగా సంతకం పోయిందా, ఒకసారి చూడండి. మిగతా కొన్ని కాగితాలకు స్టాంపు తక్కువైతే తర్వాత జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు, ప్రామిసరీ నోటుకు మాత్రం ఆ దారి లేదు, స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. సాక్షులు లేకపోయినా నోటు చెల్లుతుంది, ఉంటే మంచిదే.

ఒకవేళ ఆయన దిగొచ్చి "అక్కా, కోర్టు వద్దు, టైము ఇవ్వు" అంటే, ఇవ్వండి. కానీ జూన్ 12 లోపల కొత్త నోటు రాయించుకుని ఇవ్వండి, మన దగ్గర నోటు తిరగరాయడం అంటారు కదా, అదే. తిరగరాసిన తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. లేదంటే "ఫలానా నోటు కింద ఇంత బాకీ ఉన్నాను" అని తేదీతో రాసి సంతకం చేసినా గడువు పెరుగుతుంది, అదీ గడువు లోపలే జరగాలి. గడువు దాటినాక బాకీ ఉన్నానని ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, "ఇంత కడతాను" అని కొత్తగా రాసి సంతకం పెట్టిన మాట కావాలి. అట్లా రాసిస్తే పాత అప్పైనా కాంట్రాక్టు చట్టం కింద చెల్లుతుంది. మునుగోడు పెద్దావిడకు అదొక్కటే దారి మిగిలింది. అప్పటికి అవతలివాడికి ఎవరో తెలివి నేర్పారు, సంతకం పెట్టలేదు.

కొండమల్లేపల్లి ప్లాటు అమ్ముతున్నాడన్న మాట నిజమైతే దాన్ని వకీలుకు మొదటి రోజే చెప్పండి. డిక్రీ రాకుండా చేయాలనో, వచ్చినా వసూలు కాకుండా చేయాలనో ఆస్తి అమ్ముకుంటున్నాడని ఆధారాలతో చూపిస్తే, తీర్పుకు ముందే జప్తు చేయమని కోర్టును అడగొచ్చు. ఊరికే "అమ్ముతున్నాడట" అంటే ఇవ్వరు. బ్రోకరు పెట్టిన వాట్సాప్ ప్రకటన, సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం) నకలు, ఇట్లాంటివి చేతిలో ఉండాలి. డిక్రీ వచ్చాక అమలుకు 12 ఏళ్ల టైము ఉంటుంది. కానీ రైతు సేద్యం పనిముట్లు, ఎడ్లు, అతను ఉండే ఇల్లు జప్తు కావు. ఆ ప్లాటు పోతే గెలిచి కూడా ఏం పట్టుకుంటారు?

స్టేషన్ ఫోను గురించి. డబ్బు ఇచ్చిపుచ్చుకునే తగాదా సివిల్ తగాదా. "ఇంత ఇచ్చెయ్, ఇంత వదిలెయ్" అని తేల్చే అధికారం పోలీసులకు లేదు, మీకు వ్యతిరేకంగానూ లేదు, మీకు అనుకూలంగానూ లేదు. మీరు మొదట మోసం కేసు పెడదామనుకున్నారు కదా, అదీ ఇందుకే నిలబడదు. తీసుకునేటప్పుడే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే మోసం, తర్వాత కట్టలేకపోవడం, కట్టకపోవడం మోసం కాదు.

2024 జులై 1 నుంచి, క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టం పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాని 179వ సెక్షన్ ప్రకారం దర్యాప్తులో వివరాలు తెలిసినవాళ్లను పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్లు ఉండే చోటికే వచ్చి అడగాలి. మీ అమ్మ ఆడమనిషి, మీ నాయనకు 63. ఇద్దరూ పోవాల్సిన పని లేదు. మళ్లీ ఫోను వస్తే మర్యాదగా, గొంతు పెంచకుండా, "సార్, పిటిషన్ ఏంటో నకలు ఇవ్వండి, కేసు నమోదైతే నంబరు చెప్పండి, నోటీసు రాసి ఇస్తే జవాబు ఇస్తాం, అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు, మీరు రావచ్చు" అని చెప్పండి. ఆ ఫోను ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి వచ్చిందో రాసిపెట్టుకోండి. మీ మీదే కేసు అయ్యి అదే సంహిత 35వ సెక్షన్ కింద రాతపూర్వక నోటీసు వస్తే మాత్రం దాన్ని పక్కన పెట్టకూడదు, వకీలును తీసుకుని పోయి తీరాలి.

మీరుగా పోయి మాట్లాడదామనుకుంటే అదీ తప్పు కాదు, చాలామంది ఎస్‌ఐలు కాగితాలు చూసి "కోర్టులో చూసుకోండి" అని పంపిస్తారు. పోతే అమ్మను పంపకుండా మీరు, ఊళ్లో నలుగురికి తెలిసిన ఒక మనిషి కలిసి పోండి. నోటు, చెక్కు, మెమో అన్నీ జిరాక్సులు తీసుకుపోండి. అసలు కాగితాలు ఇంటి గడప దాటొద్దు. స్టేషన్‌లో కాదు, పెద్దమనుషుల దగ్గర కాదు, మధ్యవర్తి దగ్గర అసలే కాదు. "నోటు నా దగ్గర పెట్టండి, నేను తేలుస్తా" అన్న మాట విని ఇచ్చి, తర్వాత ఆ నోటు కనపడక ఏడ్చిన కుటుంబాలను నేను చాలా చూశాను. తెల్లకాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి, రాసి ఉన్నదైనా చదివి, నకలు ఇస్తేనే పెట్టండి.

ఆయన బెదిరిస్తేనో, ఇంటి మీదికి వస్తేనో 112కు ఫోన్ చేయండి, తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోండి. కేసు కట్టాల్సిన నేరం అయితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో 2013లోనే చెప్పింది, దాని నకలు ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి.

"వడ్డీ వ్యాపారం చేస్తున్నారు" అన్న ఆరోపణకు భయపడకండి, కానీ తేలిగ్గా తీసుకోకండి. మన తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలం నుంచి, 1349 ఫస్లీ (నిజాం నాటి సంవత్సరాల లెక్క) నాటి వడ్డీ వ్యాపారుల చట్టం ఉంది. వ్యాపారంగా అప్పులిచ్చేవాళ్లకు లైసెన్సు ఉండాలి, లేకుండా దావా వేస్తే కొట్టేస్తారు. చుట్టానికి అవసరానికి ఒకసారి ఇచ్చినది వ్యాపారం కాదు. మీ ఇంట్లో ఇంకా ఎంతమందికి ఇట్లా నోట్ల మీద ఇచ్చి ఉన్నారో నాకు తెలియదు, ఉంటే వకీలుకు దాచకుండా చెప్పండి. ఇంకో సంగతి, కోపంతో ఆయన బర్రెను విప్పుకురావడం, బండి తాళం గుంజుకోవడం, ఇంటికి తాళం వేయడం లాంటివి చేయకండి. మనకు రావాల్సిన డబ్బే అయినా, ఆ రోజు నుంచి ముద్దాయిలం మనమే అవుతాం.

ఖర్చు గురించి మీరు అన్నిటికంటే చివర, మొహమాటంగా రాశారు. ఇది మొదటే అడగాల్సింది తమ్ముడూ. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు, పరిశ్రమల కార్మికులకు, జైల్లో ఉన్నవాళ్లకు కూడా అంతే, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. నోటు అమ్మ పేరున ఉంది, చెక్కు అమ్మ పేరున ఉంది, దావా వేసేది అమ్మ. కాబట్టి అమ్మకు హక్కుగా వస్తుంది, ఎవరి దయా కాదు. వకీలు ఫీజే కాదు, కోర్టు ఫీజు, టైపు ఖర్చు, సమన్ల ఖర్చు కూడా ఇందులో వస్తాయి. దేవరకొండ కోర్టులో మండల న్యాయ సేవా కమిటీ ఉంది, లేదా నల్లగొండ జిల్లా కోర్టులో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు, దాని కార్యదర్శిగా ఉండేది కూడా జడ్జి గారే. తెల్లకాగితం మీద దరఖాస్తు, ఆధార్ జిరాక్సు, కేసు కాగితాల జిరాక్సులు చాలు. ముందు మాట్లాడాలంటే 15100 నంబరు ఉంది, డబ్బు పడదు. గడువు దగ్గరపడిందని దరఖాస్తులో మొదటి లైనులోనే రాయండి, "నోటీసుకు చివరి తేదీ మార్చి 22" అని. ఇచ్చిన వకీలు విడిగా డబ్బు అడిగితే ఇవ్వకుండా నేరుగా కార్యదర్శి గారికి చెప్పండి.

పెద్దమనుషుల దగ్గర కూర్చోవడాన్ని నేను తప్పనను. ఆయన అమ్మకు తమ్ముడి వరస, రేపు పెళ్లిళ్లలో, చావుల్లో మొహాలు చూసుకోవాల్సినవాళ్లు. నోటీసు పంపితే బంధం తెగుతుందని అమ్మ బాధపడుతుందని రాశారు. నోటీసు పోయాక కూడా రాజీకి దారి మూసుకుపోదు, చెక్కు కేసు ఏ దశలోనైనా రాజీ చేసుకోవచ్చు. కేసు వేయకముందైనా, వేశాకైనా రాజీ మీద తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌కు పోవచ్చు, ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ అవార్డు, అంటే రాజీ తీర్పు రాస్తారు. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, అప్పటికే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. వాయిదాలుగా కడతానంటే ఆ వాయిదాల తేదీలు అవార్డులోనే రాయించండి, తప్పితే మళ్లీ దావా వేసే పని లేకుండా నేరుగా వసూలుకు పోవచ్చు. ఊళ్లో తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందానికి ఆ బలం లేదు. అమ్మకు ఇట్లా చెప్పి చూడండి: నోటీసు పంపేది తమ్ముణ్ని జైల్లో పెట్టడానికి కాదు, ఈసారి కూర్చున్నప్పుడు ఆయన నిజంగా కూర్చోవడానికి.

ఇప్పుడు మీరు లేచి బీరువాలో నుంచి నోటు తీసి రెండు సంగతులు చూసి నాకు చెప్పండి. స్టాంపు మీదుగా సంతకం ఉందా? వెనక ఏమైనా రాత ఉందా, ఉంటే కింద ఆయన సంతకం ఉందా? బ్యాంకు మెమో మీద ఉన్న తేదీ ఎంత, అది మీకు అందిన కవరు గానీ, బ్యాంకు రిజిస్టర్లో అమ్మ పెట్టిన సంతకం గానీ ఏ తేదీతో ఉన్నాయి అన్నది కూడా చూడండి. ఫిబ్రవరి 20 కంటే ముందు తేదీ ఏదైనా కనపడితే నా లెక్క మొత్తం ముందుకు జరుగుతుంది, అప్పుడు ఈ వారం కూడా ఆగకుండా రేపు పొద్దున్నే దేవరకొండ పోవాలి.